పద్దెనిమిదో సెలవుల మాడ్యూల్

ఈ సంస్థలో గత పదేళ్ళుగా ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ మాట ముందు హాల్లో, డైరెక్టరు గారి ఫొటో కింద, అద్దం బిగించిన చట్రంలో కూడా ఉంది. ఇతర సంస్థలవాళ్ళు బృందాలుగా వచ్చి, టీ తాగి, ఆ చట్రం ముందు నిలబడి ఫొటోలు తీయించుకుని వెళుతుంటారు. అయినా వాళ్ళ సంస్థల్లో పోట్లాటలు తగ్గలేదట. తగ్గవు. ఎందుకంటే ఆ శాంతి ఉన్నది చట్రంలో కాదు, ఆరో అంతస్తులో కిటికీ పక్క గదిలో ఉన్న కంపైలర్లో.

కంపైలర్ అంటే తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఆ సంస్థలో నూట నలభై మంది ప్రోగ్రాములు రాస్తారు. వాళ్ళు రాసినదాన్ని చదివి, తప్పులుంటే చెప్పి, లేకపోతే యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేదే కంపైలర్. ప్రోగ్రాములో ఒక పనికి రాసిన ముక్కని మాడ్యూల్ అంటారు. ఒకరు ఒకసారి రాస్తే చాలు, మిగతావాళ్ళు 'ఇంపోర్ట్' అనే ఒక్క మాటతో దాన్ని తెచ్చుకుని వాడుకోవచ్చు. పెద్దలు ఎంత ముందుచూపుతో చేసిన ఏర్పాటో చూడండి. అయితే అదే పెద్దలు, ఇవ్వడం ఇష్టం లేనివాడు తన మాడ్యూల్ నెత్తిన 'ప్రైవేట్' అని రాసుకునే వీలు కూడా కల్పించారు. ఆ సంస్థలో ఆ వీలు ఉండీ వాడుకోనివాడు లేడు. మాడ్యూల్ని పదిమందికీ ఇస్తే, అది చెడినప్పుడు పదిమందీ ఫోన్ చేస్తారు. బాగా పనిచేస్తున్నప్పుడు ఒక్కడూ చేయడు.

పదేళ్ళ కిందట కంపైలర్‌కి ఇంత సంస్కారం ఉండేది కాదు. ఎవరైనా ప్రైవేట్ మాడ్యూల్ని ఇంపోర్ట్ చేయబోతే మొహం మీదే చెప్పేసేది: 'ఈ మాడ్యూల్ ఉంది. రాసినది ఫలానా నంబరు కుర్చీ. మీకు అనుమతి లేదు, వారిని అడగండి.' జనం లేచి వెళ్ళి ఆ ఫలానా కుర్చీని అడిగేవారు. ఎందుకివ్వవని ఒకరంటే, ఎందుకివ్వాలని మరొకరు. చివరికి ఇద్దరు సెక్షన్ ఆఫీసర్లు కేంటీన్లో గ్లాసులు విసురుకునేదాకా వచ్చింది. డైరెక్టరు గారు సామరస్య కమిటీ వేశారు. కమిటీ పదకొండుసార్లు సమావేశమై, గొడవలన్నిటికీ మూలం 'ఉంది' అనే మాటేనని తేల్చింది. నాటినుంచి ప్రైవేట్ మాడ్యూల్ని ఎవరు ఇంపోర్ట్ చేయబోయినా కంపైలర్ ఒకే మాట చెబుతోంది:

'అలాంటి మాడ్యూల్ ఏదీ లేదు. మీరు రాయడం మర్చిపోయినట్టున్నారు.'

ఇందులో మొదటి వాక్యం కమిటీది. రెండోది బావగారి సొంత చేర్పు. బావగారంటే కంపైలర్ బాగోగులు చూసే పెద్దాయన. డైరెక్టరు గారి అక్కను చేసుకున్నాడు కాబట్టి ఆఫీసంతటికీ బావగారే. ఊరికే లేదంటే బాగుండదని, తప్పు ఎవరిదో కూడా చెబితే నిండుగా ఉంటుందని ఆయన ఉద్దేశం. తప్పు ఉద్యోగిదని కంపైలరే చెప్పాక సంస్థ ఊరుకోలేదు కదా. అందుకని సంజాయిషీ రిజిస్టరు పెట్టారు. సందేశం వచ్చిన ప్రతిసారీ, ఫలానా మాడ్యూల్ రాయడం మర్చిపోయినందుకు చింతిస్తున్నానని రాసి సంతకం పెట్టాలి. పదేళ్ళలో రిజిస్టర్లు బీరువా దాటి, వరండాలోకి వచ్చి, మెట్లదాకా పాకాయి. సందర్శక బృందాలు వాటిని కూడా ఫొటో తీసుకుంటాయి.

ఇలాంటి చోట సందేహమ్మ నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. అది ఆవిడ అసలు పేరు కాదు. మీటింగుల్లో చెయ్యెత్తి 'నాదొక చిన్న సందేహమండీ' అనే అలవాటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆవిడ కాంట్రాక్టు మీద ఉన్న మనిషి. మూడు నెలలకోసారి కొత్త కాగితం ఇస్తారు. ఆ కాగితం చూసి ఇల్లుగలావిడ కూడా ఇంటిని మూడు నెలలకే ఇస్తుంది. నాలుగేళ్ళలో మూడు ఇళ్ళు మారారు, కూతురు మూడు బళ్ళు మారింది. మొన్నీమధ్య ఆ పిల్ల, "అమ్మా, ఈ బళ్ళోనైనా బల్లమీద నా పేరు చెక్కుకోవచ్చా?" అని అడిగింది. తప్పమ్మా, బల్లలు చెక్కకూడదు అనాల్సిన తల్లి, కాస్త ఆగి చెబుతానంది.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు పిలిచి, నెలాఖరులోగా నీటి సరఫరా ప్రోగ్రాము పూర్తిచేస్తే పర్మనెంటు చేస్తానన్నారు. ఏ వీధికి ఏ రోజున, ఏ వేళకి నీళ్ళు వదలాలో చెప్పే ప్రోగ్రామది. సెలవు రోజుల్లో జనం ఇళ్ళల్లోనే ఉంటారు కాబట్టి వేళలు మారతాయి. కనుక ఏ తేదీ సెలవో చెప్పే మాడ్యూల్ ఒకటి కావాలి. ఇంత పెద్ద సంస్థలో సెలవుల సంగతి ఎవరికీ పట్టకుండా ఉంటుందా అనుకుని ఆవిడ నమ్మకంగా 'ఇంపోర్ట్ సెలవులు' అని రాసింది.

అలాంటి మాడ్యూల్ ఏదీ లేదని, ఆవిడే రాయడం మర్చిపోయినట్టుందని కంపైలర్ సెలవిచ్చింది.

మాడ్యూల్ మాట అసలు ఆ పొద్దునే మొదటిసారి తలుచుకున్న మనిషి, దాన్ని రాయడం ఎప్పుడు మర్చిపోయిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత బుద్ధిగా వెళ్ళి, చింతిస్తున్నానని రిజిస్టర్లో రాసి వచ్చింది. పక్క సీటాయన్ని అడిగింది. ఆవిడది ఆరో నంబరు కుర్చీ, ఆయనది ఏడు. నాలుగేళ్ళుగా ఇద్దరూ పదకొండింటికి కలిసి టీ తాగుతారు.

"సెలవుల మాడ్యూల్ ఎక్కడైనా ఉందాండీ?"

"కంపైలర్ ఏమంది?"

"లేదంది."

"మరింకేం. అది చదవని ఫైలు లేదు కదమ్మా. రాసేసుకోండి. ఓ మూడు వారాలు పడుతుంది, అంతే," అన్నాడాయన.

ఎన్ని వారాలు పడుతుందో ఆయనకి అంత కచ్చితంగా ఎలా తెలుసన్న సందేహం మాత్రం, అదేమిటో, సందేహమ్మకి రాలేదు. పైగా ఆ మూడు వారాలూ ఆయన ఎంతో సానుభూతి చూపించాడు. రెండుసార్లు టీ తానే తెచ్చిచ్చాడు. కళ్ళు మండుతున్నాయంటే చల్లనీళ్ళతో కడుక్కోమన్నాడు.

రాయడం పూర్తయ్యేసరికి నెలాఖరుకి ఇంకా ఐదు రోజులుంది. మాడ్యూల్‌కి 'సెలవులు' అని పేరు పెట్టి భద్రపరచబోయింది. కంపైలర్ ఒప్పుకోలేదు. 'ఈ పేరుతో ఒక మాడ్యూల్ ఇప్పటికే ఉంది. వేరే పేరు పెట్టండి' అంది.

సందేహమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. తెచ్చుకుంటానంటే లేదంటుంది, రాసుకుంటానంటే ఉందంటుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఇదే. లేచి బావగారి గదికి వెళ్ళింది. ఆయన ఓపికగా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"కంపైలర్ అబద్ధం చెప్పదమ్మా. లేదు అంది. నీ దగ్గర ఉందా?"

"లేదండీ."

"మరి నిజమే కదా చెప్పింది?"

"ఇప్పుడు ఉందంటోంది కదండీ?"

"పేరు ఉందంది. మాడ్యూల్ నీకుందని ఎక్కడంది? అందరూ చేసేదే నువ్వూ చెయ్యి. పేరు చివర రెండు అని వేసుకో. అది కూడా ఉందంటే మూడు. ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటుంది, కంగారు పడకు."

రెండు ఉంది. మూడు ఉంది. తొమ్మిదో నంబరు దగ్గర ఆవిడకి నవ్వొచ్చింది. పదమూడు దగ్గర ఏడుపొచ్చింది. పద్దెనిమిది ఖాళీగా దొరికింది. అంటే ఆ సంస్థలో లేని సెలవుల మాడ్యూళ్ళు అక్షరాలా పదిహేడు ఉన్నాయన్నమాట. ఏటా వార్షికోత్సవంలో ఇచ్చే నూతన సృష్టి బహుమతి ఐదేళ్ళుగా సెలవుల మాడ్యూల్‌కే ఎందుకొస్తోందో, ప్రతి ఏడాదీ వేరే మనిషి వేదికెక్కి 'ఇంతవరకూ ఎవరికీ తట్టని ఆలోచన' అని ఎందుకంటున్నాడో ఆవిడకి అప్పుడర్థమైంది.

ఆ సాయంత్రం ఇంట్లో చిక్కుడుకాయలు వొలుస్తూ అత్తగారికి ఈ కథంతా చెప్పింది. అత్తగారు ముప్పై ఏళ్ళు లైబ్రరీ కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"మీవాళ్ళకి పనితనం లేదే. లేదు అని ఎవరైనా అంటారా? మేము ఏనాడూ అన్లేదు. బైండింగుకి వెళ్ళిందనేవాళ్ళం. సగం లైబ్రరీ బైండింగులోనే ఉండేది."

"నిజంగా ఎక్కడుండేవత్తయ్యా ఆ పుస్తకాలు?"

"నా వెనకాల బీరువాలో. ఇస్తే చదివి పాడుచేస్తారు కదమ్మా," అంది అత్తగారు, చేట దులుపుతూ.

మర్నాడు బావగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. సందేహమ్మకి తన పద్దెనిమిదో మాడ్యూల్ మీద నమ్మకం కుదరలేదు. మూడు వారాల్లో హడావిడిగా రాసినదాన్ని, పాతవాటిలో ఏదో ఒకదానితో పోల్చి చూసుకోవాలి. తప్పు సెలవు చూపించి వీధులకి నీళ్ళు ఆగిపోతే పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న మూడు నెలల కాగితం కూడా పోతుంది. కంపైలర్ సందేశాలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. అవి అందరూ చదవాల్సినవే కదా అని బావగారు దానికి ప్రైవేట్ పెట్టలేదు. కాంట్రాక్టువాళ్ళు రాసినవి తప్ప ఆ సంస్థలో ప్రైవేట్ కాని ఫైలు అదొక్కటే.

బావగారి గదికి వెళ్ళి తెరిచి చూస్తే పాత సందేశం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. కమిటీ దాన్ని చెరిపేయలేదు. కంపైలర్ దాన్ని పట్టించుకోకుండా ముందు రెండు గీతలు గీసి పడుకోబెట్టింది, అంతే. కంపైలర్‌కి ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరికి ఇవ్వొద్దన్నారో అన్నీ తెలుసు. అన్నీ తెలిసీ, ఆ వాక్యం దాటుకుని కిందికి వచ్చి, లేదని చెబుతోంది. సందేహమ్మ ఆ రెండు గీతలూ తీసేసి తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. 'ఇంపోర్ట్ సెలవులు' అని మళ్ళీ రాసింది.

'ఈ మాడ్యూల్ ఉంది. రాసినది ఏడో నంబరు కుర్చీ. మీకు అనుమతి లేదు, వారిని అడగండి.'

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది వ్యవహారం. ఆవిడ మెల్లిగా పక్కకి తిరిగింది. ఏడో నంబరు కుర్చీ తేలు కుట్టిన దొంగలా తెరవైపే చూస్తోంది.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదమ్మా," అన్నాడాయన చివరికి.

"అడిగాను కదండీ!"

"ఎక్కడైనా ఉందా అన్నారు. మీ దగ్గరుందా అన్లేదు."

సందేహమ్మకి ఒళ్ళు మండింది. మూడు వారాల కళ్ళమంటలు, రెండు టీలు, చల్లనీళ్ళ సలహా అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గట్టిగా నాలుగు మాటలు అందామని నోరు తెరిచేలోగా, గదికి ఆ చివర ఎవరో "ఓరి దుర్మార్గుడా!" అని కేకేశారు.

ఎందుకంటే కంపైలర్ అందరిదీ ఒక్కటే. మధ్యాహ్నానికల్లా నూట నలభై మందికీ ఎవరి దగ్గర ఏముందో తెలిసిపోయింది. సెలవులు పదిహేడు, తేదీలు రాసేవి ఇరవై ఆరు, పేర్లని అక్షరక్రమంలో పెట్టేవి ముప్పై తొమ్మిది. ఒక భార్యాభర్తలు, ఒకే గదిలో ఎదురెదురు బల్లల మీద, ఒకే మాడ్యూల్ని రెండేళ్ళు విడివిడిగా రాశారని బయటపడింది. వాళ్ళు ఆ రోజు ఇంటికి వేర్వేరు బస్సుల్లో వెళ్ళారు. కేంటీన్లో పదేళ్ళ తర్వాత మళ్ళీ గ్లాసు పగిలింది.

పైగా పదిహేడు సెలవుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానితో ఒకటి కలవలేదు. ఎవరికి వారు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నారు. ఆఫీసు లిఫ్టు నాలుగో జాబితా ప్రకారం, హాజరు యంత్రం పదకొండో జాబితా ప్రకారం నడుస్తున్నాయని తెలిసింది. అందుకే ఏటా ఒక రోజున లిఫ్టు సెలవు తీసుకునేది, మనుషులు మాత్రం రావాల్సి వచ్చేది. ఇన్నాళ్ళూ అందరూ అది ఆరోగ్య దినమనుకుని ఆరంతస్తులూ ఎక్కేవారు. ఆ రోజున డైరెక్టరు గారు వ్యాయామం ఆవశ్యకత గురించి ప్రసంగించేవారు కూడా.

విచారణ సంఘం వేశారు. సభ్యులు ముగ్గురు. ముగ్గురూ నూతన సృష్టి బహుమతి గ్రహీతలు. ఆ గీతలు ఎవరు తీశారని అడగకముందే, "మేం మాత్రం ఎవరిదీ చూసి రాయలేదు" అని ముగ్గురూ ఒకేసారి భుజాలు తడుముకున్నారు. సందేహమ్మ తనంతట తానే లేచి, తీసింది నేనేనంది. హాల్లో అందరినీ సమావేశపరిచి డైరెక్టరు గారు ప్రసంగించారు.

"మిత్రులారా! ఈ సోదరి కంపైలర్ చేత నిజం చెప్పించారు. నిజమంటే నాకు ఎంత గౌరవమో మీకు తెలుసు. కానీ నిజానికి వేళాపాళా ఉండాలి, తగిన ఫారం ఉండాలి, పై అధికారి సంతకం ఉండాలి. పక్కవాడి దగ్గర ఏముందో తెలియనంతకాలం మనమంతా అన్నదమ్ముల్లా, అక్కచెల్లెళ్ళలా ఉన్నాం. తెలిసిన రోజునుంచి దాయాదులమయ్యాం. కొట్టుకుని సాధించేదేముంది? ఉన్నవి తలా ఒకటి ఉండనే ఉన్నాయి కదా!"

చప్పట్లు మోగాయి. వారం తిరక్కుండా ఉద్యోగులే ఒక అర్జీ తయారుచేశారు. 'అయ్యా, ఉన్నవన్నీ ఉన్నాయని తెలిసినప్పటినుంచి మాకు మనశ్శాంతి కరువైంది. కొత్తగా రాయడానికి ఏమీ మిగల్లేదు. ఒకరిది ఒకరు వాడుకోవలసి వస్తుందేమోనన్న భయంతో బతుకుతున్నాం. కావున పూర్వపు సందేశాన్ని దయతో పునరుద్ధరించ ప్రార్థన.' కింద నూట ముప్పై తొమ్మిది సంతకాలు. సామరస్య నిబంధనల ప్రకారం ఇలాంటి అర్జీ ఏకగ్రీవంగా ఉంటేనే చెల్లుతుంది.

నీటి సరఫరా ప్రోగ్రాము గడువులోగానే పూర్తయినా, గొడవల మధ్య వాయిదా పడ్డ ఆవిడ పర్మనెంటు ఫైలు డైరెక్టరు గారి బల్లమీదే ఉంది. అర్జీ దాని పక్కనే పెట్టారు. ఆయన రెండిటివైపూ ఒకసారి చూసి, "ఇవాళ రెండూ అయిపోతే బాగుంటుందమ్మా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట బెదిరించలేదు. మర్యాదస్తుడు.

ఆ వారం రోజుల్లో ఇంకో సంగతి కూడా జరిగింది. సందేహమ్మ పద్దెనిమిదో మాడ్యూల్ అందరికీ తెరిచే ఉంది, కాంట్రాక్టువాళ్ళకి ప్రైవేట్ పెట్టుకునే హక్కు లేదు మరి. లిఫ్టులు చూసేవాళ్ళు అందులో తమ జాబితాని సరిచూసుకుని, దాన్నే వాడుకోవడం మొదలుపెట్టారు. అప్పటినుంచి రోజూ అన్నం తినేవేళకి ఫోను. ఇదెందుకు సెలవు, అదెందుకు కాదు, మీరే కదా రాశారు, ఇప్పుడే రండి. నాలుగోసారి కంచం ముందునుంచి లేచినప్పుడు అత్తగారు, "బైండింగుకి పంపెయ్యమ్మా దాన్ని" అంది. సందేహమ్మ అప్పుడు నవ్వింది కానీ, ఆ మాట ఆవిడ మనసులోంచి పోలేదు.

సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆవిడ లెక్కలు వేసుకోలేదు. కూతురు బల్లమీద పేరు చెక్కుకోవడానికి అనుమతి అడిగిన గొంతు ఒక్కటే చెవిలో మోగింది. పెన్ను కోసం సంచీ తడుముకుంటుంటే ఏడో నంబరాయన చటుక్కున తన జేబులోంచి తీసిచ్చాడు. నాలుగేళ్ళలో ఆయన తన వస్తువు ఒకటి ఆవిడ చేతికివ్వడం అదే మొదలు. ఆవిడ సంతకం పెట్టింది. సిగ్గేసింది. అంతలోనే ఒళ్ళంతా తేలికైనట్టు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

సాయంత్రానికల్లా బావగారు ఆ రెండు గీతలూ మళ్ళీ గీసేశాడు. కేంటీన్లో మిఠాయిలు పంచారు. భార్యాభర్తలు ఒకే బస్సులో ఇంటికెళ్ళారు. నూతన సృష్టి బహుమతి ఈ ఏటికి, ఇంతవరకూ ఎవరికీ తట్టని ఆలోచన అయిన సెలవుల మాడ్యూల్‌కి గాను, సందేహమ్మకే ఇచ్చారు. పర్మనెంటు కాగితం చేతికొచ్చిన రోజున తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: 'ఇకనుంచి మీ మాడ్యూళ్ళని ప్రైవేట్ చేయమంటారా?' ఆవిడ తలెత్తి అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడటం లేదు. ఎవరికీ అవసరం కూడా లేదు, ఎవరి సెలవులు వారికున్నాయి. అవుననే నొక్కింది. ఆ పూట అన్నం వేడివేడిగా, ఒక్క ఫోను లేకుండా తింది. కూతుర్ని పిలిచి, "చెక్కుకోవే, మెల్లిగా, టీచరు చూడకుండా" అంది.

ఇలాంటి సంస్థ ఎక్కడుందో చెప్పమని పాఠకులు పట్టుబట్టవచ్చు. మేమూ ఊరుకోలేదు. ఉన్నదాన్ని దాచుకుని లేదనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆఫీసుల్లో అడిగాం, బళ్ళల్లో అడిగాం, గడపగడపకీ తిరిగి అడిగాం. అలాంటివాళ్ళు మా దగ్గర లేరని అందరూ ఒకే గొంతుతో చెప్పారు. మీ ఇంటికి కూడా వచ్చాం. తలుపు తీయకుండానే, మీరు ఇంట్లో లేరని లోపలినుంచి మీరే చెప్పారు.